మేడ మీద డాక్టరు, కింద రసగుల్లాలు

మనసుకు వచ్చే జబ్బు సిగ్గుపడాల్సింది కాదనీ, అలాంటి వాళ్లను అక్కున చేర్చుకోవాలనీ పెద్ద పెద్ద అక్షరాలతో మా అమ్మవారి పండగ కమిటీ వాళ్లు ఒక ఫ్లెక్సీ వేయించారు. తెచ్చి గిరిబాబు వాళ్లింటి గోడకు కట్టారు. బెంగాల్లో ఈ రైల్వే ఊరి ఖరిదా పేటలో మా వీధికి గోడల కరువేమీ లేదు. కానీ మిగతా గోడల వాళ్లంతా, మా గోడకు కడితే మా ఇంట్లోనే ఎవరికో బాగాలేదనుకుంటారు, వద్దన్నారట. గిరిబాబుకు బాగాలేదని ఎలాగూ ఊరంతటికీ తెలుసు కాబట్టి ఆ గోడ ఖాయమైంది. ఫ్లెక్సీ పొడుగెక్కువై వీధివైపు కిటికీ కాస్తా మూసుకుపోయింది. లోపల గిరిబాబు తల్లి పోలమ్మ మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని బియ్యం ఏరుకునేది. నేను వాళ్ల ఎదురింటిదాన్ని. ఆ అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివేసరికి నా కాఫీ చల్లారిపోయింది గానీ, చదివాక ఇంత మంచి మాట ఇంత చీకటి చేస్తుందా అనిపించింది.

అసలు సంగతి ఫ్లెక్సీ కాదు, భుజం. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా మామగారూ, గిరిబాబు తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో వచ్చి ఇక్కడ వర్క్‌షాపులో చేరారు. మనుషులు వచ్చాక అమ్మవారిని వదిలి ఉండలేక ఆమెనూ తెచ్చుకున్నారు. వేలంలో కొన్న పాత బోగీ చెక్కతో పల్లకి చేశారు. బోగీ చెక్క కదా, బరువు చెప్పొద్దూ. నలుగురు మోయాలి. ఆ నాలుగు భుజాలూ నాలుగు ఇళ్లవి. తండ్రి తర్వాత కొడుకు. వెనక ఎడమ భుజం గిరిబాబు తాతది, తర్వాత వాళ్ల నాన్నది, ఆయన పోయాక గిరిబాబుది. ఆ ఇంటి మనిషికి ఏ జ్వరమో వస్తే ఆ ఏటికి వేరేవాడు మోస్తాడు. కానీ ఆ ఇంటి ముందు పల్లకి ఆగాలి, జ్వరంతో ఉన్నవాడు వచ్చి ఒక్క క్షణం కర్ర కింద భుజం పెట్టాలి. అది జరగకపోతే ఆ ఇంటికి ఆ ఏడు అమ్మవారు రానట్టే. కాలు విరిగినవాణ్ని కుర్చీలో మోసుకొచ్చి భుజం పెట్టించడం నా కళ్లతో చూశాను. కామెర్లు వచ్చినవాడు, అప్పుడే ఆపరేషన్ అయినవాడు, పూటుగా తాగినవాడు, అందరూ పెట్టారు. అమ్మవారు ఎవరినీ కాదనలేదు.

గిరిబాబు వర్క్‌షాపులో ఫిట్టరు. నెమ్మదైనవాడు, పొడుగరి. కిందటేడు వానాకాలంలో వాడికి నిద్ర పట్టకుండా పోయింది. గోడలోంచి ఎవరో తన గురించి మాట్లాడుతున్నారనేవాడు. వర్క్‌షాపు సైరన్ కూస్తే తన పేరు పెట్టి పిలుస్తోందని చెవులు మూసుకునేవాడు. మా వీధిలో ఒక్క రోజులో ఇంటికో డాక్టరు పుట్టుకొచ్చాడు. ఒకరు చిల్లంగి అన్నారు. ఒకరు ఫోను చూసి చూసి ఇలా అయిందన్నారు. చెరువు చేపలు పడలేదని ఒకరు. పెళ్లి చేస్తే పోతుందని చాలామంది అన్నారు. మా పిల్లనిస్తామని మాత్రం ఒక్కరూ అనలేదు. పోలమ్మ అందరి మాటా విని తాయెత్తులు కట్టించింది, నిమ్మకాయలు దిగదుడిచింది. నిమ్మకాయలు ఎండిపోయాయి, పిల్లాడూ ఎండిపోయాడు. అప్పుడు నేనే వాళ్లిద్దర్నీ టోటో ఎక్కించి మలంచా తీసుకెళ్లాను. టోటో అంటే ఇక్కడ బ్యాటరీ రిక్షా.

మలంచా రోడ్డు మీద ఒక మిఠాయి కొట్టుంది. దాని పక్కనుంచి మెట్లు, పైన మనసు జబ్బులు చూసే బెంగాలీ డాక్టరమ్మ. ఆ పిల్లను చూస్తే ఇంకా కాలేజీలో చదువుతోందేమో అనిపిస్తుంది, కానీ ఎంతసేపైనా వింటుంది. అంతసేపు నా మాట విన్నవాళ్లు మా ఇంట్లోనే లేరు. మా వాళ్లెవరూ ఇంత దూరం రారులే, మన గుట్టు మన దగ్గరే ఉంటుంది అనుకుని మెట్లెక్కితే, బెంచీల మీద సగం మంది మా వాళ్లే. అందరూ అదే అనుకుని అక్కడికే వచ్చారన్నమాట. నన్ను చూడగానే రిటైరైన గార్డుగారు, కింద రసగుల్లాలు తింటుంటే కూర్చోడానికి చోటు లేక పైకి వచ్చానన్నాడు. మూల బెంచీ మీద కొంగు ముఖానికి లాక్కుని మా కమిటీ సెక్రటరీ నూకరాజు భార్య సత్యవాణి. ఆమె కూడా ఆయనకు రసగుల్లాలు కావాలంటే వచ్చానంది. నేనూ అందుకే వచ్చానన్నాను. పక్కనే గోడకేసి చెవులు మూసుకుని కూర్చున్న గిరిబాబును ఇద్దరమూ చూడనట్టు ఊరుకున్నాం.

తర్వాత తర్వాత సత్యవాణి నాతో చెప్పుకుంది. తెల్లవారితే లేవాలనిపించదట. పొయ్యి ముందు కూర్చుంటే ఏ కష్టమూ లేకుండానే కన్నీళ్లు కారిపోతాయట. మాత్రలు మొదలుపెట్టాక మళ్లీ మనిషిలా ఉందట. నూకరాజుకు తెలుసు. ఆయనే స్కూటర్ మీద దింపి, రోడ్డు అవతల నిలబడి, మెట్లవైపు కాకుండా బస్సులవైపు చూస్తూ ఉంటాడు. వీధిలో గ్యాస్ ట్రబుల్ అని చెప్పాడు. మేడ మీద కలిసిన రోజు నుంచి నెలనెలా వాళ్లింటి నుంచి మా ఇంటికి ఒక రసగుల్లా ముంత వచ్చేది. నోరు తీపి చేస్తే తెరవననుకున్నారు కాబోలు. తీపి పెట్టకపోయినా నేను తెరవను. కానీ వచ్చినదాన్ని వెనక్కి పంపడమెందుకని తినేదాన్ని.

మందులు గిరిబాబుకు పట్టాయి. ముందు నిద్ర వచ్చింది, తర్వాత గోడలు మాట మానేశాయి. చేతులు కొంచెం వణుకుతాయి, మందువల్లేనని డాక్టరమ్మ చెప్పింది. రైల్వే డాక్టరు చూసి ఫిట్ ఇచ్చాడు, డ్యూటీకి వెళ్తున్నాడు. ఇక పండగ దగ్గరపడుతుంటే ఈ ఏడు పల్లకి ఎప్పుడు దించి కడగాలో అడుగుదామని గిరిబాబు నూకరాజు వాళ్లింటికి వెళ్లాడు. నేను ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నాను. నూకరాజు అంటే ఎవరనుకున్నారు, వర్క్‌షాపులో ఛార్జ్‌మన్‌గా చేసి దిగినవాడు. ఇప్పటికీ సైరన్ కూస్తే లేచి నిలబడతాడు. ఆయన గొంతు సవరించుకుని, ఈ ఏడు ఆ భుజం మార్చామని చెప్పాడు. చేతులు వణికేవాడి మీద అమ్మవారిని పెట్టలేమన్నాడు. గిరిబాబు, మామయ్యా, కర్ర భుజం మీద ఉంటుంది కదా, నాకు ఫిట్ కూడా ఇచ్చారు కదా అన్నాడు.

"రైల్వే ఇచ్చినాది వ్యాగన్ల కాడికి ఫిట్టురా. అమ్మోరి కాడికి కాదు."

"మరి అమ్మోరి కాడికి ఎవురిస్తారు మావా ఫిట్టు?"

"కమిటీ."

ఆ కమిటీలో మురుగు కాలవ దగ్గర తగాదాపడి సొంత తమ్ముడి మొహం చూడనివాడు ఒకడు. సాయంత్రమైతే ఏ గుమ్మం తనదో తెలియనివాడు ఇంకొకడు. వాళ్లందరూ పుట్టుకతో ఫిట్. సరే, జ్వరం వచ్చినవాళ్లకు ఆపినట్టు వీడి ఇంటి ముందు పల్లకైనా ఆపుతారా అని నేనడిగాను. భుజమే మారిపోయాక ఆపడమేమిటి పిన్నీ అన్నాడు నూకరాజు. గిరిబాబు లేచి వెళ్లిపోయాడు. ఇంటికి వెళ్లి, తాత భుజానికి వేసుకున్న ఎర్ర తువ్వాలు తీగమీద ఆరేసి ఉంటే, అది తీసి మడతపెట్టి పెట్టెలో పెట్టేశాడు. పోలమ్మ చెప్పి ఏడ్చింది.

నాకు ఒళ్లు మండింది. ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తోచింది. మా వీధిలో గంగాభవానికి ఏటా అమ్మవారు పూనుతుంది. కిందటేడు పూనకంలో నాకు రేకుల షెడ్డు కావాలి, దానికి రంగు లైట్లు కావాలి అంది. ముందురోజు కమిటీ మీటింగులో అనుకున్నదీ అదే. మా అమ్మవారు ఎప్పుడూ కమిటీ మాట దాటదు. ఏమైతేనేం, లైట్లు వచ్చాయి. ఆ నోట వచ్చిన మాట ఎవరూ కాదనరు. మరి నా ఒంటి మీదకూ ఒకసారి వస్తే? ఒట్టి సుజాతమ్మగా నేను అడిగితే ఎవరికి కావాలి, అమ్మవారు అడిగితే నూకరాజు నడుం వంగుతుంది. మేడ మీదకు వెళ్లి నాలుగు వేపమండలు పట్టుకుని, జుట్టు విరబోసుకుని, తల ఊపడం సాధన చేశాను. మెడ పట్టేసింది. అప్పుడే ఎదురు మేడ మీద బట్టలు తీస్తున్న గిరిబాబు చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏటి మామ్మా, ఒంట్లో బాగోలేదా? డాట్రమ్మ కాడికి ఎల్దామా?"

విషయం చెప్పాను. ముందు నవ్వాడు. ఇన్నాళ్లకు వాడు నవ్వడం చూసి నా ఉపాయం మంచిదేననుకున్నాను. తర్వాత నా చేతిలో మండలు తీసి గోడ మీద పెట్టి, నా పక్కన కూర్చున్నాడు.

"నాకొద్దు మామ్మా. నేనిపోని గొంతులు ఇనీ ఇనీ నా పేణం ఇసిగిపోనాది. రోజూ మాత్ర ఏసుకుంటే గానీ అవి నోరు ముయ్యనేదు. ఇప్పుడు నా కోసరం నువ్వు ఇంకో గొంతు పుట్టిస్తావా? అడిగితే నీ నోటితో అడుగు."

"నా నోరు ఎవురింటార్రా?"

"నానింటన్నాను గదా."

జుట్టు ముడేసుకుని కిందికి దిగాను.

నా నోటితో అడగడానికి చోటు కూడా దొరికింది. ఫ్లెక్సీ అడుగున రాసిన మనసు జబ్బుల సభ ఆ ఆదివారమే. వీధిలో అందరినీ పిలిచారు, గిరిబాబును తప్ప. ఏం బాబూ అంటే, వాడి గురించే కదా సభ, వాడొస్తే మాట్లాడేవాళ్లకు మొహమాటంగా ఉంటుంది అన్నాడు నూకరాజు. ముఖ్య అతిథిగా ఎవరో పెద్దాయన వచ్చి హిందీలో చాలాసేపు మాట్లాడాడు. మనసూ శరీరమూ బండికి రెండు చక్రాలన్నాడు. మా వర్క్‌షాపు వాళ్లకు రెండు చక్రాల బండి ఏమిటో అర్థం కాక ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత పెద్ద ముత్తైదువను కాకపోయినా పెద్దదాన్నని నన్ను లేపి, పాతరోజుల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. మైకు చేతికొచ్చింది. కాళ్లు వణికాయి. ఈ వణుకు చూసి నాకూ ఫిట్ లేదంటారేమో అని గట్టిగా నిలబడ్డాను.

"ఆ ఎనకెడం భుజం గిరిబాబుది. ఆడికి జబ్బొచ్చినాది, మందేసుకున్నాడు, డూటీకెల్తన్నాడు. ఆడి భుజం ఆడికిచ్చీండి. నాను సెప్పీది అంతే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత సులువా అనుకున్నాను. నూకరాజు లేచి మైకు తీసుకుని, సుజాతమ్మ గారి పెద్ద మనసు మనందరికీ ఆదర్శమని చెప్పి నాకు శాలువా కప్పాడు. అతిథిగారు ఫొటో దిగారు. మరి భుజం సంగతేమిటని నేను నోరు తెరిచేసరికి మైకు ఇంకొకరి చేతిలో ఉంది. శాలువా కప్పాక ఇక మాట్లాడకూడదని నాకు తెలియదు, నన్ను ఎప్పుడూ ఎవరూ కప్పలేదు. చివర్లో ఆకు దొప్పల్లో రసగుల్లాలు పంచారు. ఆ కొట్టువే. ఏ కొట్టువో అందరికీ తెలుసు. భలే మెత్తగా ఉన్నాయి, ఎక్కడివి అని ఒక్కరూ అడగలేదు.

ముందు వరసలో కూర్చున్న సత్యవాణి తన దొప్ప ముట్టుకోలేదు. అందరూ లేచాక నా దగ్గరకు వచ్చింది.

"మైకట్టుకున్నావు గదా, నా పేరెక్కడ సెప్పేస్తావో అని గుండె జారిపోనాదత్తా."

"నీ పేరు నాదేటే, నాను సెప్పడానికి?"

ఆమె నా శాలువా అంచు సర్ది వెళ్లిపోయింది.

పండగరోజు వచ్చింది. గిరిబాబు భుజం చోట నిలబడటానికి కుర్రాళ్లెవరూ ముందుకు రాలేదు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి పరీక్షలు. పిచ్చివాడు మోసిన చోట మోస్తే మనకూ అంటుకుంటుందేమోనని వాళ్ల భయం, పైకి చెప్పరు. చివరికి నూకరాజే మోయాల్సి వచ్చింది. గిరిబాబు పొడుగు, నూకరాజు పొట్టి. ఎత్తు సరిపోవడానికి భుజం మీద తువ్వాలు మడత మీద మడత వేశారు. అయినా చాలలేదు. పల్లకి వెనక ఎడమ పక్కకు ఒరిగిపోయింది. దండలన్నీ ఆ మూలకు జారాయి, నిమ్మకాయలు దొర్లాయి. అమ్మవారు ఆ ఏడు మా వీధిని మెడ వంచి, ఇదేమిటర్రా అన్నట్టు చూస్తూ వచ్చింది. ముందు కుడి భుజం మోసే దేముడు అనేవాడు వెనక్కి తిరిగి, బాబాయ్, కాస్త లేపు అని ప్రతి ఇంటి దగ్గరా అంటూనే ఉన్నాడు. నూకరాజు మునివేళ్ల మీద నడిచాడు.

పల్లకికి ముందు నైవేద్యం నడుస్తుంది. ఇత్తడి బిందెలో చలిమిడి, పరమాన్నం. అది ఏటా సెక్రటరీగారింట్లో వండుతారు, అంటే సత్యవాణి వండుతుంది. బిందె నెత్తిన పెట్టుకుని ఆమే నడుస్తుంది. నైవేద్యాన్ని దాటి పల్లకి ముందుకు పోకూడదు, అది మా వాళ్ల కట్టుబాటు.

గిరిబాబు ఇంటి ముందుకు వచ్చాం. పోలమ్మ పసుపు నీళ్ల చెంబుతో గుమ్మంలో ఉంది. గిరిబాబు స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, ఆ ఫ్లెక్సీ కింద నిలబడ్డాడు. పిలుస్తారని కాదు, వాడి ఇంటి ముందు నుంచి అమ్మవారు వెళ్తుంటే లోపల కూర్చోలేక. భుజం మీద తాత తువ్వాలు లేదు. నూకరాజు ఆయాసపడుతూ, ఆపకండి, పదండి అన్నాడు. డప్పులు ముందుకు కదిలాయి.

సత్యవాణి కదలలేదు. తల మీద బిందె దించి నా చేతుల్లో పెట్టింది. బరువుకు నా మోచేతులు ముడుచుకున్నాయి. ఆమె మొగుడివైపు తిరిగింది. అరవలేదు గానీ, నైవేద్యం ఆగేసరికి డప్పులూ ఆగాయి కాబట్టి అందరికీ వినబడింది.

"ఈ నైవేద్యం వండినాదాన్ని నాను. నానూ మలంచాలో ఆ మేడ మీదికే ఎల్తన్నాను. గిరికి రాసిన డాట్రమ్మే నాకూ రాస్తంది. ఆడి భుజం పనికిరాదంటే నా సెయ్యీ పనికిరాదు. అమ్మోరికి ఏటి పెడతారో మీ కమిటీనే వండమనండి."

ఎవరూ అడక్కుండానే రిటైరైన గార్డుగారు, నాకు షుగరు, నేను అసలు మిఠాయే ముట్టను అన్నాడు. వాళ్లావిడ ఆయన్ని మోచేత్తో పొడిచింది.

నూకరాజు పరిస్థితి చూడాలి. పల్లకి నేల మీద దించకూడదు. నైవేద్యం కదిలితే గానీ ముందుకు పోకూడదు. భుజం మీద తువ్వాలు మడతలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి, ఒక్కో మడతకూ అమ్మవారు ఇంకాస్త ఒరుగుతోంది. ఆయన భార్య వంక చూశాడు, జనం వంక చూశాడు, చివరికి ఎప్పటిలాగే బస్సులకోసం రోడ్డువైపు చూడబోయాడు. ఈ వీధిలోకి బస్సులు రావు.

"ఏటిరా సూస్తన్నావు. జారిపోతంది, భుజమెయ్యి."

గిరిబాబు వెంటనే కదలలేదు.

"ఒక్క చనమా మావా, దారంతానా?"

నూకరాజు మెడ నరాలు లేచాయి. పోలమ్మ చెంబులోంచి పసుపు నీళ్లు ఆమె కాళ్ల మీదే కారుతున్నాయి.

"దారంతా. రారా బాబూ."

పోలమ్మ చెంబు వదిలేసి లోపలికి పరుగెత్తి ఎర్ర తువ్వాలు తెచ్చింది. గిరిబాబు కర్ర కిందికి దూరాడు. పల్లకి లేచి తిన్నగా నిలబడింది. దండలు మధ్యకు వచ్చాయి. కర్ర పట్టుకున్న వాడి చెయ్యి వణకడం అందరూ చూశారు, నేనూ చూశాను. దాచిపెట్టేందుకు ఏముంది. ముందు నుంచి దేముడు వెనక్కి తిరగకుండానే, "ఒరే గిరీ, అంగలు తగ్గించు, మాకు నీయంత కాళ్లు నేవు" అని కసిరాడు. ఇన్ని నెలలుగా వాడితో అందరూ పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఆ కసురు విని పోలమ్మ ఏడ్చింది. నేను సత్యవాణి బిందె ఆమె నెత్తిన పెట్టాను. అందరం కదిలాం.

పండగయ్యాక ఫ్లెక్సీ విప్పుకుపోవడానికి ఎవరూ రాలేదు. పోలమ్మే విప్పి మేడ మీద పరిచింది. ఇప్పుడు ఆ పెద్ద పెద్ద అక్షరాల మీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. కిటికీలోంచి ఇంట్లోకి ఎండ వస్తోంది.

నెలకోసారి సత్యవాణి, నేను, గిరిబాబు ఒకే టోటోలో మలంచా వెళ్తున్నాం. ఎక్కడికని ఎవరైనా అడిగితే సత్యవాణి డాక్టరమ్మ దగ్గరకని చెబుతుంది. అరుగు మీద నూకరాజు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. గ్యాస్ ట్రబుల్ అనడం మాత్రం మానేశాడు. మొన్న మిఠాయి కొట్టు దాదా నన్ను ఆపి, ఠాకుమా అని వాళ్ల భాషలో మామ్మను పిలిచినట్టు పిలిచి, మీ తెలుగువాళ్లు ఈమధ్య నేరుగా పైకి వెళ్లిపోతున్నారు, నా సరుకు బాగోలేదా అని బాధపడ్డాడు. గార్డుగారొక్కరే ఇప్పటికీ నెలనెలా ముంత కొంటున్నారట. షుగరున్న మనిషి, ఆ రసగుల్లాలన్నీ ఎవరికి పంచుతున్నాడో అనుకున్నాను.

నిన్న ఒక ముంత మా ఇంటికి వచ్చింది. తెచ్చిన గార్డుగారి మనవరాలి చేతికే తిరిగి ఇచ్చి, టోటోలో ఇంకొకరికి చోటుందని మీ తాతతో చెప్పమ్మా అన్నాను.